పైథాన్ ఎఫ్-స్ట్రింగ్ రివ్యూ: అసలు పనంతా కోలన్ తర్వాతే

నమస్తే అండీ. స్ట్రింగ్ (కొటేషన్ల మధ్య రాసే అక్షరాల వరస) మధ్యలో ఒక వేరియబుల్ విలువ పెట్టడానికి పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలో ముఖ్యంగా మూడు దారులున్నాయి. మూడూ వాడినవాడిగా చెప్తున్నాను.

పర్సెంట్ గుర్తు పద్ధతి అన్నిటికన్నా పాతది, సీ భాషలోని ప్రింట్‌ఎఫ్ వాసన కొడుతుంది. విలువ రావాల్సిన చోట పర్సెంట్ ఎస్ ఒక్కటే రాసి, కుడిపక్కన రెండు విలువలున్న టపుల్ (కొన్ని విలువల్ని కలిపి కట్టిన మూట) ఇచ్చామా, టైప్ ఎర్రర్! దీంతో ఒక సాయంత్రమంతా కుస్తీ పట్టాను. నా ఫంక్షన్ అప్పుడప్పుడు టపుల్ తిరిగిస్తోందని చివరికి గానీ తెలియలేదు.

2008లో డాట్ ఫార్మాట్ వచ్చింది. ఆ బాధ తప్పింది కానీ ఖాళీ బ్రాకెట్లు ఒకచోట, విలువలు ఇంకోచోట. లైను పొడుగైతే వేలు పెట్టి లెక్కపెట్టుకోవాల్సిందే.

2016 చివర్లో, 3.6 వెర్షన్‌తో ఎఫ్-స్ట్రింగ్. కొటేషన్ ముందు ఎఫ్, లోపల కర్లీ బ్రాకెట్లలో వేరియబుల్ పేరు, అంతే. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. అసలు మజా ఆ పేరు తర్వాత కోలన్ పెట్టాక మొదలవుతుంది. చుక్క, 2, ఎఫ్ అని రాస్తే దశాంశం తర్వాత రెండంకెలే వస్తాయి. కామా పెడితే పెద్ద సంఖ్యలో మూడేసి అంకెలకో కామా పడుతుంది. ఉత్త 10 రాస్తే పది గడుల వెడల్పు: మాటలు ఎడమకి, సంఖ్యలు కుడికి జరుగుతాయి.

రెండు చోట్ల జాగ్రత్త. 2.675ని రెండంకెలకి కుదిస్తే 2.68 కాదు, 2.67 వస్తుంది. ఫార్మాటింగ్ తప్పు కాదది, మెమరీలో ఆ సంఖ్య 2.675 కన్నా రవ్వంత తక్కువగా ఉంటుంది. ఇంకోటి మన లిపితో. ‘తెలుగు’ అన్న మాట కంటికి మూడక్షరాలే, పైథాన్‌కి ఆరు, గుణింతపు గుర్తుల్ని కూడా విడిగా లెక్కేస్తుంది కాబట్టి. అందుకే తెలుగు పేర్లతో టేబుల్ ప్రింట్ చేస్తే నిలువు వరసలు వంకరపోతాయి.

3.8లో వచ్చిన చిన్న సదుపాయం నాకు భలే ఇష్టం: బ్రాకెట్లో పేరు పక్కన ఈక్వల్స్ పెడితే పేరూ విలువా రెండూ ప్రింటవుతాయి. డీబగ్గింగ్‌కి ఇంకేం కావాలి?

ఇంతకీ నా ఓటు ఎఫ్-స్ట్రింగ్‌కే, డేటాబేస్ క్వెరీలకి (డేటాబేస్‌కి పంపే ఆదేశాలకి) తప్ప. యూజర్ టైప్ చేసింది అలాగే క్వెరీలో అతికిస్తే ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్‌కి, అంటే టైప్ చేసిన మాటల్లో ఆదేశాలు దాచి డేటాబేస్ చేత నడిపించే దాడికి, తలుపు తీసినట్టే. 2025లో, 3.14తో టీ-స్ట్రింగ్ వచ్చింది. అది విలువల్ని వెంటనే కలిపేయకుండా విడివిడిగా అందిస్తుంది, శుభ్రం చేసుకునే వీలుంటుంది. మీ డేటాబేస్ లైబ్రరీ దాన్ని అర్థం చేసుకునేదాకా మాత్రం ప్యారామీటర్లే (క్వెరీలో అతికించకుండా విలువల్ని విడిగా పంపే పద్ధతి) వాడండి.