వరంగల్ నుంచి కవ్వాల్ అడవి, కెరమెరి ఘాట్: ఒంటరి బైక్ రైడ్ రివ్యూ

నమస్తే అన్నలూ, అక్కలూ! గుట్టలూ అడవీ ఉన్న రూట్ ఒకటి చెప్పు, బైక్ మీద ఒక్కరమే పోయి రావాలి అని చాలామంది అడుగుతున్నారు. ఈ వీడియో వాళ్ల కోసమే. హన్మకొండలో బయల్దేరి కరీంనగర్, రాయపట్నం, లక్సెట్టిపేట మీదుగా జన్నారం. అక్కడి నుంచి కవ్వాల్ అడవిలో పడి ఉట్నూర్. తర్వాత జైనూర్, కెరమెరి ఘాట్, ఆసిఫాబాద్, మంచిర్యాల, మళ్లీ మన ఊరు. మొత్తం 500 కిలోమీటర్లు దాటుతుంది. నా తీర్పు ముందే చెప్పేస్తా. పులి కోసం పోతే ఉత్త చేతులతో వస్తారు. రోడ్డు కోసం, ఊళ్ల కోసం పోతే మస్తుగా ఉంటుంది.

నేషనల్ పార్క్ అని థంబ్‌నెయిల్ పెడితే వ్యూస్ వస్తాయి కానీ, కవ్వాల్ నేషనల్ పార్క్ కాదు. తెలంగాణలో నేషనల్ పార్కులు మూడే. కేబీఆర్, మృగవని, మహావీర్ హరిణ వనస్థలి. మూడూ హైదరాబాద్ లోపలో, దాన్ని అంటుకునో ఉన్నాయి. కవ్వాల్ అభయారణ్యం, 2012లో టైగర్ రిజర్వ్ అయింది. కోర్ అంటే లోపలి అడవి, బఫర్ అంటే దాని చుట్టూ ఉన్నది, రెండూ కలిపి సుమారు 2,000 చదరపు కిలోమీటర్ల అడవి. మహారాష్ట్రలోని తడోబా, తిప్పేశ్వర్ వైపు నుంచి పులులు ఇటు వచ్చిపోతుంటాయి. జన్నారంలో అటవీ శాఖ వాళ్ల సఫారీ ఉంది కానీ, ఆ దారుల్లోకి సొంత బైక్‌ను వదలరు. బండి నడపడానికి వచ్చినవాణ్ని, జీపులో కూర్చోవడం ఎందుకని నేను దాన్ని వదిలేశా.

కరీంనగర్ దాకా చెప్పడానికి ఏం లేదు. లారీలు, మళ్లీ లారీలు. రాయపట్నం దగ్గర గోదావరి దాటాక గాలి మారుతుంది. జన్నారం దాటి ఇందన్‌పల్లి దగ్గర ఉట్నూర్ వైపు తిరిగామా, రెండు పక్కలా టేకు చెట్లే. ఈ క్లిప్ చూడండి, మ్యూజిక్ వేయలేదు, వినిపించేదంతా ఇంజన్ చప్పుడే. స్పీడ్ 40 దాటనివ్వకండి. మలుపు తిరగ్గానే ఆవుల మందో, కొండముచ్చుల గుంపో రోడ్డు మధ్యలో ఉంటుంది. వాటికి బిస్కెట్లు వేసే అలవాటుంటే మానుకోండి. తిండికి మరిగితే అవి రోడ్డు వదలవు, చివరికి ఏ బండి కిందో పడతాయి. రాత్రిపూట టైగర్ రిజర్వ్ రోడ్ల మీద రాకపోకలకు ఆంక్షలుంటాయి. పొద్దు గూకకముందే ఉట్నూర్ చేరేలా చూసుకోండి.

ఒంటరిగా పోయేవాళ్లకి నా మొదటి సలహా: పెట్రోల్ ఉట్నూర్‌లోనే ఫుల్ చేయించండి. ట్యాంక్‌లో సగం ఉంది కదా అనుకోవద్దు. ముందుకు పోయేకొద్దీ సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది, కాబట్టి మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోవాలి. ట్యూబ్ టైర్ అయితే స్పేర్ ట్యూబ్, ట్యూబ్‌లెస్ అయితే పంక్చర్ కిట్. పెద్ద బండే కావాలా అంటే, అక్కర్లేదు. నాది మామూలు 150 సీసీ. పెద్ద బండి ఒరిగితే ఒక్కరే లేపడం కష్టం. పక్కన ఎవరూ లేనప్పుడు బండి బరువే అసలు లెక్క.

ఇక నల్లరేగడి సంగతి. ఇది జర శ్రద్ధగా వినండి. మెయిన్ రోడ్డంతా తారే, ఇబ్బంది లేదు. జలపాతం బోర్డు కనిపించిందని మట్టిదారిలోకి దిగితేనే కథ మొదలవుతుంది. వాన పడ్డాక ఆ మట్టి టైరుకి పట్టి, మడ్‌గార్డ్ కింద పేరుకుపోతుంది. కాసేపటికి ముందు చక్రం తిరగనే తిరగదు. యాక్సిలరేటర్ ఇస్తే వెనక టైరు జారుతుంది, బండి అడ్డం తిరుగుతుంది. పుల్ల పెట్టి గీకడం తప్ప వేరే మందు లేదు. ఆఫ్‌రోడ్ బండ్లకి మడ్‌గార్డ్ అంత ఎత్తున ఎందుకు పెడతారో ఇక్కడ తెలిసొస్తుంది. వాన ఆగి ఒక పూటైనా ఎండ కాయకపోతే మట్టిదారి జోలికి పోకండి. కుంటాల జలపాతం ఈ రూట్‌లో లేదు, నేరడిగొండ వైపు ఉంది. ఎత్తు సుమారు 45 మీటర్లు, చూడదగ్గదే. కానీ కిందికి వందల మెట్లు దిగాలి, పైన బండి మీద బ్యాగులకి కాపలా ఎవరు? దానికి ఫ్రెండ్స్‌తో పోండి.

ఉట్నూర్ నుంచి ఆసిఫాబాద్ దాకా ఉన్న ముక్క కోసమే ఈ రైడ్ అంతా. జైనూర్ మండలంలో మార్లవాయి ఉంది. గోండు వీరుడు కొమురం భీం పోరాటం తర్వాత నిజాం సర్కారు గిరిజనుల పరిస్థితిని అధ్యయనం చేయడానికి పిలిపించిన మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ ఉన్న ఊరు ఇది. ఆయనా, ఆయన భార్య బెట్టీ సమాధులు ఇక్కడే ఉన్నాయి. గోండుల గుస్సాడీ నృత్యానికి 2021లో పద్మశ్రీ అందుకున్న కనకరాజు గారిదీ ఈ ఊరే. దీపావళి రోజుల్లో పోతే దండారీ పండుగకి గుస్సాడీ ఆడే గోండు బృందాలు ఎదురుపడతాయి. నెమలి ఈకల టోపీలు కనిపించగానే కెమెరా తీయకండి. అది వాళ్లకు దేవుడి పని. బండి దిగి, రామ్ రామ్ చెప్పి, ఊరి పటేల్‌ను అడిగి అప్పుడు తీయండి. డ్రోన్ సంగతి మాత్రం మర్చిపోండి.

కెరమెరి దగ్గర్లో మెయిన్ రోడ్డు వదిలి లోపలికి పోతే జోడేఘాట్ వస్తుంది. 1940లో నిజాం పోలీసుల చేతిలో కొమురం భీం నేలకొరిగిన చోటు. విగ్రహం, మ్యూజియం ఉన్నాయి. మ్యూజియం కంటే ఆ గుట్టల మధ్య నిలబడి చుట్టూ చూస్తే, ఇన్ని లోయలు దాటుకుని పోలీసులు ఇక్కడిదాకా ఎట్లా వచ్చారా అనిపిస్తుంది.

కెరమెరి ఘాట్ పొడవేం కాదు, కానీ మలుపులు గట్టివి. ఉట్నూర్ వైపు నుంచి వస్తే దిగుడు. న్యూట్రల్‌లో వదిలేయకుండా, చిన్న గేర్ వేసుకుని ఇంజన్ బ్రేక్ మీదే దిగండి. ఫోటో కోసం మలుపులో బండి ఆపొద్దు, ఎదురుగా వచ్చే బస్సుకి మీరు కనిపించరు. ఆసిఫాబాద్ నుంచి మంచిర్యాల దాకా నాలుగు వరుసల హైవే, నిద్రొస్తుంది. చీకటి పడితే మంచిర్యాలలో రూమ్ తీసుకుని పొద్దున్నే రండి.

ఎప్పుడు పోవాలంటే, వానలు తగ్గాక, అక్టోబర్ నుంచి జనవరి. అడవి పచ్చగా ఉంటుంది, వాగులు శాంతిస్తాయి. పత్తి సీజన్ కాబట్టి ట్రాక్టర్ల మీద లోడు రెండు పక్కలా పొంగి ఉంటుంది, ఓవర్‌టేక్ చేసేటప్పుడు దూరం పాటించండి. చలి మాత్రం మామూలుగా ఉండదు, రాష్ట్రంలో అతి తక్కువ ఉష్ణోగ్రతలు ఎక్కువగా ఈ ప్రాంతంలోనే పడతాయి. గ్లౌజులు లేకుండా పొద్దున రైడ్ పెట్టుకోవద్దు. మార్చి, ఏప్రిల్‌లో ఇప్పపువ్వు రాలుతుంది, వాసన బాగుంటుంది, కానీ ఆ పువ్వు ఎలుగుబంట్లకీ ఇష్టమే. ఆ నెలల్లో పోతే ఎండెక్కిన తర్వాతే జన్నారం దాటండి.