పన్ను వసూలవుతూనే ఉంది, జీతం ఎందుకు ఆగింది? అమెరికా షట్‌డౌన్, విమానయానంపై చర్చ

సమన్వయకర్త: 2025 అక్టోబర్ 1 నుంచి నవంబర్ 12 వరకు, 43 రోజుల పాటు షట్‌డౌన్‌తో అమెరికా ప్రభుత్వం స్తంభించినప్పుడు, 40 పెద్ద విమానాశ్రయాల్లో దేశీయ సర్వీసులను తగ్గించాలని అక్కడి ప్రభుత్వ విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ ఆదేశించింది. డబ్బు లేకనే ఆ పరిస్థితి వచ్చిందా, మాస్టారూ?

ప్రజావిత్త అధ్యాపకుడు: డబ్బు లేక కాదండీ, దాన్ని ఖర్చుపెట్టే అనుమతి లేక. దేశీయ టికెట్టుపై వసూలు చేసే 7.5 శాతం పన్ను, 1970లో ఏర్పాటు చేసిన ప్రత్యేక ట్రస్టు నిధికి చేరుతుంది. ఎఫ్‌ఏఏ వ్యయంలో అధిక భాగాన్ని ఆ నిధే భరిస్తుంది. షట్‌డౌన్ రోజుల్లోనూ ప్రయాణికుడు ఆ పన్ను కడుతూనే ఉన్నాడు, కానీ అక్కడి చట్టసభ కాంగ్రెస్ వ్యయానుమతి ఇవ్వనిదే అందులోంచి విమానాల రాకపోకలను నియంత్రించే కంట్రోలర్‌కు జీతం ఇవ్వడానికి వీల్లేదు. మన దగ్గర పూర్తి బడ్జెట్ ఆలస్యమైతే రాజ్యాంగం 116వ అధికరణ కింద ఓటాన్ అకౌంట్‌తో పాలన సాగుతుంది. అక్కడ తాత్కాలిక బిల్లు కూడా రాజకీయ బేరంలో చిక్కుకుంటుంది.

విమానయాన విశ్లేషకురాలు: ఆ బేరం భారం మోసింది కంట్రోలర్లు. అత్యవసర సిబ్బంది కనుక జీతం లేకున్నా వాళ్లు విధులకు రావాలి, సమ్మె చేయడం చట్టవిరుద్ధం. 1981లో సమ్మెకు దిగిన 11 వేల మందికి పైగా కంట్రోలర్లను అప్పటి అధ్యక్షుడు రీగన్ ప్రభుత్వం తొలగించింది. బకాయిలు తప్పక చెల్లించాలని 2019లో చట్టం చేశారు, నిజమే. అయితే 2025 అక్టోబర్ 28న పూర్తి జీతం అందని ఉద్యోగి, బకాయి ఎప్పుడో వస్తుందని ఇంటి యజమానికి నచ్చజెప్పగలడా? రెండో ఉద్యోగం చూసుకున్న మనిషి అలసటతో రాడార్ ముందు కూర్చోవడం నన్ను నిజంగా భయపెడుతుంది.

డల్లాస్ ప్రవాస ప్రతినిధి: అంతర్జాతీయ విమానాలకు కోత పెట్టలేదన్నారు గానీ, హైదరాబాద్ నుంచి వచ్చే పెద్దవాళ్లు చాలామంది ఏదో ఒక నగరంలో దిగి, మరో దేశీయ విమానం ఎక్కాలి. భాష సరిగా రాని తల్లిదండ్రులకు ఆ రెండో విమానం రద్దయితే ఏమవుతుందో ఇక్కడి ప్రతి కుటుంబానికీ తెలుసు.

సమన్వయకర్త: అయితే ఎఫ్‌ఏఏను షట్‌డౌన్ నుంచి మినహాయిస్తే సరిపోతుందా?

అధ్యాపకుడు: ట్రస్టు నిధిని వాడుకోవడానికి ముందుగానే శాశ్వత అనుమతినిస్తూ కాంగ్రెస్ చట్టం చేయవచ్చు, చేసి తీరాలి.

విశ్లేషకురాలు: చేయాలనే నేనూ అంటాను, కానీ ఒక చిక్కును దాచలేను. 2019 జనవరి 25న సిబ్బంది కొరతతో న్యూయార్క్ లగార్డియాకు వచ్చే విమానాలను ఆపారు. 35 రోజుల షట్‌డౌన్‌కు అదే రోజు తెరపడింది. ఆకాశమార్గం సజావుగా సాగితే నాయకులపై ఆ ఒత్తిడి ఉండదు, జీతం అందని ఇతర శాఖల ఉద్యోగుల నిరీక్షణ ఇంకా పెరగవచ్చు.

అధ్యాపకుడు: ఆ ఒత్తిడి కోసం ప్రయాణికుల భద్రతను పణంగా పెట్టడాన్ని నేను ఒప్పుకోలేను.

విశ్లేషకురాలు: నేనూ ఒప్పుకోను. అందుకే ఎఫ్‌ఏఏతో ఆగకూడదంటున్నాను. విమానాశ్రయాల్లో భద్రతా తనిఖీలు చేసే టీఎస్‌ఏ సిబ్బంది ఆ ట్రస్టు నిధి పరిధిలో లేరు. వన్‌వే ప్రయాణానికి 5.60 డాలర్ల భద్రతా రుసుము వసూలు చేస్తూ, 2013 నాటి చట్టం ప్రకారం అందులో కొంత ప్రభుత్వ బడ్జెట్ లోటు తగ్గించడానికి మళ్లిస్తున్నారు. ముందుగా ఆ మళ్లింపును ఆపి, ఆ సొమ్మును షట్‌డౌన్ రోజుల జీతాలకు కేటాయించాలి.