గారెట్ పేరున్న చట్టం

శ్రోతలకు నమస్కారం.

ముందుగా ఒక మాట. బతకాలనిపించనంత బాధలో ఉన్న పిల్లల గురించి ఇవాళ మాట్లాడబోతున్నాను. వినడం భారమనిపిస్తే రేడియో కట్టేసి, ఇంట్లో ఎవరి పక్కనైనా కాసేపు కూర్చోండి. మీలో ఎవరికైనా ఆ బాధ ఇప్పుడే ఉంటే నా మాటలు పూర్తయ్యేదాకా ఆగక్కర్లేదు. ఒకటి, నాలుగు, నాలుగు, ఒకటి, ఆరు. 14416కి ఫోన్ చేయండి. అది టెలీ మానస్, ప్రభుత్వ సేవ. డబ్బు కట్టక్కర్లేదు. రాత్రీ పగలూ పనిచేస్తుంది. తెలుగులో మాట్లాడతారు.

అమెరికాలో ఒరెగాన్ అనే రాష్ట్రం ఉంది. అక్కడి నుంచి 1996లో గోర్డన్ స్మిత్ అనే ఆయన సెనేట్‌కు ఎన్నికయ్యారు. మన రాజ్యసభలా అది వాళ్ల పెద్దల సభ. పెండిల్టన్ అనే చిన్న ఊళ్లో, గడ్డకట్టించిన కూరగాయల వ్యాపారం చేసే కుటుంబం ఆయనది. ఆయనా, భార్య షారనూ ముగ్గురు పిల్లల్ని దత్తత తెచ్చుకుని పెంచారు. వారిలో ఒకడు గారెట్. బడికి వెళ్లినప్పటి నుంచీ చదవడం, రాయడం ఆ పిల్లవాడికి పెద్ద కష్టం. ఆ మీదట కుంగుబాటు పట్టుకుంది. చర్చి సేవ కోసం ఇంగ్లండ్ వెళ్లి రెండేళ్లు ఉండి వచ్చాడు. యూటా రాష్ట్రంలో కాలేజీలో చదువుకుంటూ, 2003 సెప్టెంబరు 8న ప్రాణం తీసుకున్నాడు. తెల్లవారితే అతని 22వ పుట్టినరోజు.

ఆ తల్లిదండ్రులకు కొడుకు కుంగుబాటు సంగతి తెలుసు. ప్రాణంగా చూసుకున్నారు, వైద్యమూ చేయించారు. ఈ మాట నొక్కి చెప్పడానికి కారణం ఉంది. మన ఊళ్లలో ఇలాంటిది జరిగితే, పరామర్శకు వచ్చినవాళ్లు గుమ్మం దిగీ దిగకముందే "పెంపకంలో ఏదో లోపం ఉంది" అనేస్తారు. కడుపుకోతలో ఉన్న తల్లి ఆ మాట వింటుంది. కుంగుబాటు ఒక జబ్బు. దానికి తోడు ఎన్నో కారణాలు కలిసి ఒక ప్రాణం మీదికి వస్తాయి. ఫలానా పరీక్షనో, ఫలానా తిట్టునో పట్టుకుని ఇదే కారణమని తేల్చేసే హక్కు బయటివాళ్లకు లేదు.

స్మిత్ పదవి వదిలేద్దామనుకున్నారు. వదల్లేదు. మరుసటి ఏడాది సెనేట్‌లో నిలబడి కొడుకు గురించి తోటి సభ్యులకు చెప్పారు. చెబుతూ ఏడ్చారు. ఆయనకు తోడుగా నిలిచినవారిలో ఎదుటి పార్టీ నాయకుడు హ్యారీ రీడ్ ఒకరు. నెవాడాలో సెర్చ్‌లైట్ అనే గనుల ఊరు ఆయనది. 1972లో తండ్రి ఇలాగే పోయాడు. ఆ సంగతి ఇరవై ఏళ్లకు పైగా ఆయన బయట ఎత్తలేదు. 1996లో కుంగుబాటు మీద సెనేట్ కమిటీ విచారణ జరుగుతుంటే, అక్కడే మొదటిసారి అందరి ముందూ చెప్పారు. ఆత్మహత్యల నివారణను దేశ ప్రాధాన్యంగా ప్రకటించాలని మరుసటి ఏడాది సెనేట్‌లో తీర్మానం చేయించారు. తండ్రిని పోగొట్టుకున్న కొడుకూ, కొడుకును పోగొట్టుకున్న తండ్రీ ఒక పని మీద కలిశారు. పార్టీ అడ్డం రాలేదు.

2004 అక్టోబరు 21న అధ్యక్షుడు జార్జ్ బుష్ సంతకంతో గారెట్ లీ స్మిత్ స్మారక చట్టం వచ్చింది. మూడేళ్లకు 8 కోట్ల 20 లక్షల డాలర్లు దానికి అనుమతించారు. రాష్ట్రాలకూ, అక్కడి ఆదివాసీ తెగలకూ, కాలేజీలకూ విడివిడిగా నిధులు. 10 నుంచి 24 ఏళ్ల వయసు పిల్లల కోసం.

ఆ డబ్బుతో ఏం చేశారన్నది నాకు ముఖ్యంగా తోచింది. పెద్ద ఆసుపత్రులేమీ కట్టలేదు. అందులో చాలా భాగం మామూలు మనుషులకు శిక్షణ ఇవ్వడానికి వెళ్లింది. పంతులు, హాస్టల్ వార్డెన్, ఆటల కోచ్, చర్చి పెద్ద, పిల్లవాడి స్నేహితులు, ఇలా రోజూ ఆ పిల్లల్ని కళ్లతో చూసేవాళ్లకు. మాట తగ్గిపోవడం, ఇష్టమైన వస్తువులు పంచిపెట్టేయడం, "నేను లేకపోతే మీకే నయం" అన్న ధోరణి కనబడితే గుర్తుపట్టడం. తర్వాత సూటిగా అడగడం. ఒంటరిగా వదలకుండా వైద్యుడి దగ్గరికి చేర్చడం. ఇంతే.

సూటిగా అడగడం అంటే చాలామందికి భయం. లేని ఆలోచన మనమే పెట్టినట్టవుతుందేమోనని. ఆ భయం నిజమో కాదో పరీక్షించి చూశారు. న్యూయార్క్ రాష్ట్రంలో 2 వేలమందికి పైగా హైస్కూలు పిల్లల మీద జరిగిన అధ్యయనం 2005లో వచ్చింది. అడిగినందువల్ల ఆ ఆలోచన పుట్టలేదు, బాధ పెరగలేదు. అప్పటికే కుంగిపోయి ఉన్న పిల్లలకు కాస్త ఊరట దొరికినట్టే కనబడింది.

నేను చాలా ఏళ్లు ఇంటర్ పిల్లలకు పాఠాలు చెప్పాను. మన పిల్లల నోట కౌన్సెలింగ్ అనే మాటకు అర్థం ఏమిటో తెలుసుగా, ఇంజనీరింగ్ సీటు పంచడం. ర్యాంకు కార్డు, ఆప్షన్లు, ఫీజు. కూర్చోబెట్టి మనసులో మాట వినడం అన్న అర్థం ఆ మాటకు మా కాలేజీలో ఎప్పుడూ లేదు. ఒక ఏడాది ఒక కుర్రాడు స్టడీ అవర్‌లో పుస్తకం తెరిచి, అదే పేజీ చూస్తూ కూర్చోవడం గమనించాను. మార్కులు తగ్గాయని వాణ్ణి కింది సెక్షన్‌కు మార్చి వారమైంది. "ఏరా, బాగున్నావా?" అన్నాను. "బాగున్నాను సార్." వరండా చివరిదాకా నడిచి, ఎందుకో మళ్లీ వెనక్కి వచ్చి పక్కన కూర్చున్నాను. "చచ్చిపోవాలనిపిస్తోందా నాన్నా?" అని అడిగాను. నాకు శిక్షణ ఏమీ లేదు, గొంతు వణికింది. వాడు బల్ల మీద తల ఆన్చి చాలాసేపు ఏడ్చాడు. ఆ రాత్రే వాళ్ల నాన్నకు ఫోన్ చేశాం. తెల్లారేసరికి బస్సెక్కి వచ్చాడాయన. చేతిలో టిఫిన్ క్యారియర్. కొడుకును ఒక్క మాట కూడా అనలేదు, డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాడు. వాడిప్పుడు ఇద్దరు పిల్లల తండ్రి. వాడి ముందూ వెనకా నేను అడగకుండా వదిలేసిన పిల్లలు ఎందరో. ఆ లెక్క నాకు తెలియదు.

స్మిత్ చట్టానికి వస్తాను. దాని ఫలితాన్ని పరిశోధకులు కొలిచారు. 2015లో రెండు అధ్యయనాలు వచ్చాయి. శిక్షణ జరిగిన జిల్లాల్లో మరుసటి ఏడాది పిల్లల మరణాలు తగ్గాయి, ప్రయత్నాలూ తగ్గాయి. మొత్తం మీద 79 వేలకు పైగా ప్రయత్నాలు తప్పి ఉంటాయని ఒక అంచనా. కానీ ఆ పైసంవత్సరానికి ఆ తేడా చెరిగిపోయింది. 2019లో వచ్చిన ఇంకో అధ్యయనంలో, కార్యక్రమం ఏళ్ల తరబడి ఆగకుండా నడిచిన చోట మేలు ఎక్కువగానూ, ఎక్కువ కాలమూ నిలిచింది. పల్లె జిల్లాల్లో మరీను.

మనకిది అర్థం కాని సంగతేం కాదు. పల్స్ పోలియో చుక్కలు ఒక్కసారి వేసి ఊరుకోలేదు. ఏటా ఆదివారం పూట బస్టాండ్లలో, రైల్వే స్టేషన్లలో పెట్టెలు పట్టుకుని నిలబడ్డారు. కొత్తగా పుట్టేవాళ్లు పుడుతూనే ఉంటారు కనక. హాస్టల్లోకీ ప్రతి జూన్‌లో కొత్త పిల్లలు వస్తారు, వార్డెన్లు మారతారు.

మన దేశంలోనూ చట్టం కొంత కదిలింది. చావు అంచు దాకా వెళ్లి బతికి వచ్చినవాడిని పాత శిక్షాస్మృతి 309 సెక్షన్ నేరస్థుణ్ణి చేసేది. ఏడాది దాకా జైలు. కేసవుతుందన్న భయంతో ఎన్ని కుటుంబాలు డాక్టర్ దగ్గర నిజం దాచాయో. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఆ మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే భావించాలని, శిక్షించకూడదని చెప్పింది. అతనికి వైద్యమూ, సంరక్షణా ఇవ్వాల్సిన బాధ్యత ప్రభుత్వం మీద పెట్టింది. 2024 జులై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆ పాత సెక్షన్ లేదు.

2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాల తర్వాత ఇరవైమందికి పైగా పిల్లలు పోయారు. మార్కుల తప్పు ఎవరిదని జనం నిలదీశారు, నిలదీయాల్సిందే. ఆ పిల్లల్ని ఫలితాల ముందు రోజు ఎవరైనా పలకరించారా అన్న ప్రశ్న మాత్రం అంత గట్టిగా వినబడలేదు. విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటూ హాస్టల్లో ఉన్న పదిహేడేళ్ల అమ్మాయి 2023లో చనిపోయింది. తండ్రి న్యాయం కోసం సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. 2025 జులై 25న కోర్టు ఆ కేసును సీబీఐకి ఇస్తూ, దేశమంతటికీ 15 మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హత ఉన్న కౌన్సెలర్ ఉండాలి. వీలైనంతవరకు మార్కులను బట్టి పిల్లల్ని బ్యాచ్‌లుగా విడదీయకూడదు, నలుగురిలో చిన్నబుచ్చకూడదు. టెలీ మానస్ నంబరు పెద్ద అక్షరాలతో హాస్టళ్లలో, తరగతుల్లో కనబడాలి. బోధించేవారికీ, బోధనేతర సిబ్బందికీ ఏడాదికి కనీసం రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి. రెండుసార్లు, గమనించారా. ఈ పని ఒకసారితో తీరేది కాదని మన కోర్టుకూ తోచింది.

సరైన చట్టం వచ్చేదాకా ఇవి అమల్లో ఉండాలని కోర్టు చెప్పింది. ఆ చట్టం చేయాల్సింది చట్టసభలు. మన శాసనసభ్యుల్లో, ఎంపీల్లో ఈ దుఃఖం తెలిసిన ఇళ్లు లేవా? తప్పకుండా ఉంటాయి. వారిలో ఒక్కరు సభలో లేచి తమ ఇంటి కథ చెప్పి, జిల్లాకు ఎంత డబ్బు, ఎంతమంది వార్డెన్లకు శిక్షణ అని అడగాలని నా కోరిక.

అమెరికాలో చదువుకుంటున్న మన పిల్లల తల్లిదండ్రులు ఎవరైనా వింటుంటే వారికో మాట. అప్పు చేసి పంపిన అమ్మానాన్నలకు దిగులు చెప్పలేక పిల్లలు లోపల కుమిలిపోతారు. చాలా కాలేజీల్లో విద్యార్థుల కోసం కౌన్సెలర్లు ఉంటారు, కొన్ని కాలేజీల్లో ఆ ఏర్పాట్లకు గారెట్ పేరున్న చట్టం నిధులూ అందాయి. 2022 జులై 16 నుంచి ఆ దేశమంతటా ఇలాంటి బాధలో ఉన్నవాళ్ల కోసం 988 నంబరు పనిచేస్తోంది. ఈ ఆదివారం వీడియో కాల్‌లో ఉద్యోగం సంగతి అడిగే ముందు, నిద్ర పడుతోందా, అన్నం తింటున్నావా అని అడగండి. ఆ నంబరు కూడా చెప్పండి.

ఇంటర్ ఫలితాలు వచ్చే రోజు ఆ పిల్లవాణ్ణి గదిలో ఒక్కణ్ణీ ఉంచకండి. చుట్టాల ఫోన్లు మీరే ఎత్తండి. తప్పినవాళ్లకు కొద్ది వారాల్లోనే సప్లిమెంటరీ ఉంది. ఆ మాట ఫలితాలకు ముందే, తీరిగ్గా అన్నం దగ్గర కూర్చున్నప్పుడు చెప్పండి. "బాగున్నాను" అని వాడంటే, కాస్త ఆగి మళ్లీ అడగండి.

నంబరు మరొక్కసారి. ఒకటి, నాలుగు, నాలుగు, ఒకటి, ఆరు. సెలవు, నమస్కారం.