ఎనిమా డబ్బా ఎంత ఎత్తున ఉండాలి?

శ్రోతలకు నమస్కారం. ప్రకృతి చికిత్సాలయాల్లో నేర్చుకుని వచ్చి ఇంట్లో కూడా ఎనిమా తీసుకునే, అంటే డబ్బాలోని నీళ్లను గొట్టంతో మలద్వారం గుండా పేగులోకి ఎక్కించుకునే, అలవాటు మన తెలుగువారిలో చాలామందికి ఉంది. నీళ్లు ఎంత వెచ్చగా ఉండాలి, వాటిలో ఏం కలపాలి అని అడిగేవారే గాని, డబ్బాను ఎంత ఎత్తున పెట్టాలి అని అడిగేవారు అరుదు. నిజానికి ముందుగా అడగవలసిన ప్రశ్న అదే.

అర లీటరు డబ్బా అయినా రెండు లీటర్ల డబ్బా అయినా, అందులోని నీటి మట్టానికీ, పడుకున్న మనిషి మలద్వారానికీ మధ్య ఉన్న నిలువు దూరమే ఒత్తిడిని నిర్ణయిస్తుంది. పెద్దవారికి ఆ దూరం 30 నుంచి 45 సెంటీమీటర్లు, అంటే అడుగు నుంచి అడుగున్నర, సరిపోతుంది. 45 సెంటీమీటర్ల దగ్గర ఒత్తిడి, బీపీ కొలిచే లెక్కలో, సుమారు 33 ఉంటుంది. అదే డబ్బాను తువ్వాలు వేసుకునే మేకుకు తగిలించి మనిషి కింద పడుకుంటే, దూరం ఒకటిన్నర మీటరుకు చేరి ఒత్తిడి 110 అవుతుంది. ఇక మేడ మీది ట్యాంకు 10 మీటర్ల ఎత్తున ఉన్న ఇంట్లో కుళాయి మూసి ఉన్నప్పుడు దాని దగ్గర ఒత్తిడి 700 దాటుతుంది. అందుకే గొట్టాన్ని నేరుగా కుళాయికి గాని, హెల్త్ ఫాసెట్‌కు గాని ఎప్పుడూ, ఎంత కొద్దిసేపైనా, తగిలించకూడదు. పేగు గోడ చిరిగితే ప్రాణానికే ముప్పు.

గొట్టానికి ఉన్న చిన్న కుళాయిని సగమే తిప్పితే ఒత్తిడి తగ్గిపోతుందని కొందరు నమ్ముతారు. తగ్గేది ధార వేగం మాత్రమే. లోపల మలం అడ్డుపడి ధార ఆగిందంటే, డబ్బా ఎత్తుకు తగిన ఒత్తిడి అంతా అక్కడికి చేరుతుంది. కాబట్టి నీళ్లు దిగడం లేదని డబ్బాను పైకి ఎత్తకండి. కుళాయి కట్టేసి, నాజిల్‌ను, అంటే లోపలికి పెట్టే గొట్టం మొనను, బయటికి తీసి, రంధ్రం మూసుకుపోయిందేమో చూడండి. చేత్తో నొక్కే రబ్బరు బుడ్డికైతే ఈ ఎత్తు లెక్క వర్తించదు. ఎంత గట్టిగా నొక్కితే అంత ఒత్తిడి కనుక దాన్ని మెల్లగానే నొక్కాలి.

నీళ్లు గోరువెచ్చగా, ఒంటి వేడికి దగ్గరగా ఉండాలి. ముందు కొన్ని నీళ్లు బేసిన్‌లోకి వదిలి గొట్టంలోని గాలిని పోనిచ్చి, నాజిల్‌కు కొబ్బరి నూనె రాసి, ఎడమ వైపు తిరిగి మోకాళ్లు ముడుచుకుని పడుకోవాలి. నాజిల్ తగులుకున్నట్టు అనిపిస్తే బలవంతంగా తోయకండి. కడుపు మెలిపెడితే వెంటనే నీళ్లు ఆపి, డబ్బా దించి, నోటితో నెమ్మదిగా ఊపిరి తీసుకోవాలి. నొప్పి పూర్తిగా తగ్గితేనే మళ్లీ మొదలుపెట్టవచ్చు.

కారణం తెలియని కడుపునొప్పి, మలంలో రక్తం, ఇటీవలి పేగు శస్త్రచికిత్స, గర్భం, గుండె లేదా మూత్రపిండాల జబ్బు ఉన్నవారు డాక్టరును అడగకుండా దీని జోలికి వెళ్లకూడదు. పసిపిల్లలకు ఇంట్లో మీ అంతట మీరు అసలే ఇవ్వవద్దు, ఎందుకంటే ఉత్త నీళ్లు పేగు నుంచి ఒంట్లోకి ఇంకి రక్తంలోని ఉప్పు శాతాన్ని ప్రమాదకరంగా తగ్గించగలవు.

ఎనిమా తర్వాత తీవ్రమైన నొప్పి, రక్తస్రావం, జ్వరం, కడుపు గట్టిపడడం వంటివి కనిపిస్తే తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి. అక్కడ సిగ్గుపడి దాచకుండా, ఎనిమా తీసుకున్నామని, డబ్బా ఎంత ఎత్తున పెట్టామని డాక్టరుకు మొదటే చెప్పండి.