దీపాలు ఆర్పుకోగల ఓడ కావాలి

వేదిక మీది పెద్దలకు, షిప్‌యార్డు నుంచి వచ్చిన ఇంజినీర్లకు, మెరైన్ ఇంజినీరింగ్ పిల్లలకు నమస్కారం. మాస్టారు నా గురించి చాలా ఎక్కువ చెప్పేశారు, అదలా ఉంచుదాం. బ్యానర్ మీద ధ్రువపు ఎలుగుబంటిని వేశారు, సంతోషం. కానీ ఆర్కిటిక్‌లో నేను ఎక్కువసేపు చూసింది బియ్యపు గింజంత ప్రాణిని.

దాని పేరు కాలనస్. రొయ్యకు దూరపు చుట్టం. మైక్రోస్కోపు కింద పెడితే ఒళ్ళంతా పారదర్శకంగా ఉండి, లోపల పొడుగాటి నూనె సంచి కనిపిస్తుంది. వెలుగున్నన్నాళ్ళూ నాచు తిని ఆ నూనె పోగేసుకుంటుంది, చీకటి నెలలు దానితోనే నెట్టుకొస్తుంది. ఎండబెట్టి తూస్తే సగానికి పైగా కొవ్వే! దాన్ని పోలార్ కాడ్ చేప తింటుంది, చేపను సీల్, సీల్‌ను మీ బ్యానర్ మీదాయన. ఇప్పుడు వేడెక్కిన అట్లాంటిక్ నీళ్ళతో పాటు కొవ్వు తక్కువుండే చిన్న కాలనస్ రకం ఉత్తరానికి ఎక్కివస్తోంది. కడుపు నిండినట్టే ఉంటుంది, ఒంటికి పట్టదు.

1980లలో సెప్టెంబరు వచ్చేసరికి ఆర్కిటిక్‌లో సుమారు 70 లక్షల చదరపు కిలోమీటర్ల మంచు మిగిలేది. 2012లో 34 లక్షలకు పడిపోయింది. మంచు తగ్గితే నీళ్ళలోకి వెలుగు దిగుతుంది, ఓడలూ వస్తాయి, ఓడలతో లైట్లూ వస్తాయి. నా గోల ఆ లైట్ల గురించే.

జాలరిపేటలో అడగండి, లైటు వేస్తే చేప వస్తుందంటారు. అందుకే కదా 2017లో ఎల్‌ఈడీ లైట్ల వేటను కేంద్రం నిషేధించింది. ధ్రువ రాత్రిలో మాత్రం వేరే కథ. పగలన్నదే లేని జనవరిలో మా ఐస్‌బ్రేకర్, అంటే మంచు పగలగొట్టుకుంటూ పోయే ఓడ, డెక్ మీద లైట్లన్నీ వెలుగుతుండగా వల దించి, ఎన్ని ప్రాణులొచ్చాయో లెక్క రాసుకునేవాళ్ళం. ఒకరోజు లైట్లు ఆర్పించి శబ్దంతో నీళ్ళలో ఏముందో చూపే ఎకోసౌండర్ చూస్తే, తెర మీద అడుగున మరకలా కనిపిస్తున్న ప్రాణుల గుంపు మెల్లగా పైకి లేచింది! మళ్ళీ వేస్తే మళ్ళీ కిందికి. 2020లో అచ్చయిన ఒక అధ్యయనం కూడా ఇదే చెప్పింది: ఓడ మామూలు పని లైట్లకే 200 మీటర్ల లోతు దాకా చేపల, ప్లాంక్టన్ అనే నీళ్ళలో తేలాడే చిన్న ప్రాణుల తీరు మారిపోతోంది. మరి ఇన్నాళ్ళూ వెలుగులో తీసిన లెక్కలన్నీ ఏం లెక్కలండీ? ఎంత చేప పట్టొచ్చో అలాంటి సర్వేలు చూసేగా తేలుస్తారు!

రోజూ ఆర్పమంటే డెక్ ఇన్‌చార్జి ఒప్పుకోలేదు. ఆయన్నీ తప్పుపట్టలేం, కాళ్ళ కింద గడ్డకట్టిన మంచు, పక్కన వల దించే, లాగే వించ్ యంత్రం తిరుగుతూ ఉంటుంది. చీకట్లో పనిచేసే ఏర్పాటు ఆ ఓడ కట్టినప్పుడే లేదు.

అందుకే మిమ్మల్నే అడుగుతున్నాను. ఆర్కిటిక్‌లో మనకు 2008 నుంచి హిమాద్రి పరిశోధన కేంద్రం ఉంది, సొంత ధ్రువ నౌక మాత్రం లేదు. 2025లో కోల్‌కతా గార్డెన్ రీచ్ షిప్‌యార్డు వాళ్ళు నార్వే కంపెనీ కాంగ్స్‌బర్గ్‌తో దాని కోసం ఒప్పందం రాసుకున్నారు. మంచు మీదికెక్కి బరువుతో పగలగొట్టే ముక్కు గురించి అందరూ మాట్లాడతారు, లైట్ల స్విచ్చుల గురించి ఎవరూ అడగరు. డెక్ లైట్లకు వేరే సర్క్యూట్, కిటికీలకు తెరలు, చీకట్లోనూ మనిషి పడిపోకుండా వించ్ దగ్గర ఏర్పాట్లు. ఇవి డ్రాయింగ్ దశలో పెడితే చవక, తర్వాత పెడితే ఎంతవుతుందో నాకన్నా మీకే తెలుసు. మీలో ఎవరైనా ఒక పేజీ నోట్ రాసిస్తే, సంతకాలు పోగుచేసి ఢిల్లీకి పంపే పని నాది. టీ దగ్గర కలవండి.