మా నాన్న కొన్న నక్క కొమ్ము

అందరికీ నమస్కారం. గ్రంథాలయ వారోత్సవాలు కదా, పుస్తక పఠనం గురించి పది నిమిషాలు మాట్లాడమన్నారు. ఏమీ అనుకోకండి, నేను కొమ్ముల గురించి మాట్లాడతాను.

పొద్దున మా మనవరాలు స్కూలు బ్యాగు మీద బొమ్మ చూపించి, "తాతా, ఇది అలికార్న్, కొమ్ముంటుంది, రెక్కలు కూడా ఉంటాయి" అంది. యూనికార్న్ అంటే కథల్లో ఉండే ఒంటికొమ్ము గుర్రం, ఇప్పటి పిల్లలకి అలికార్న్ అంటే రెక్కల యూనికార్న్. ఇంగ్లీషులో ఒకప్పుడు ఆ మాట వాడింది మాత్రం ఉత్త కొమ్ముకి. మరి యూరప్‌లో ఆ గుర్రాన్ని ఎవరూ చూడలేదు గానీ కొమ్ముని మాత్రం రాజులు పోటీపడి కొన్నారు!

కథ మొదలైంది మన దేశం పేరు చెప్పే. క్రీ.పూ. 400 ప్రాంతంలో పర్షియా రాజు దగ్గర వైద్యుడిగా ఉన్న క్టీసియస్ అనే గ్రీకు ఆయన, ఇండియాలో ఒంటికొమ్ము అడవి గాడిదలున్నాయనీ, ఆ కొమ్ముతో చేసిన పాత్రలో తాగితే విషం పనిచేయదనీ రాశాడు. మన ఖడ్గమృగం గురించి ఎవరో చెప్పగా విని ఉంటాడు. అన్నంలో ఎవరు ఏం కలుపుతారోనని రాజులకి ఎప్పుడూ టెన్షనే కదా, ఇక చూస్కోండి. ఇంగ్లండ్‌లో మొదటి ఎలిజబెత్ రాణి దగ్గరున్న కొమ్ముకి 10,000 పౌండ్లు విలువ కట్టారంటారు.

తీరా అది కొమ్మే కాదు, పన్ను. ఆర్కిటిక్ సముద్రంలో నార్వాల్ అనే తిమింగలం ఉంది, మగదానికి ఎడమవైపు పన్ను పై పెదవిని చీల్చుకుని, మెలికలు తిరిగి మూడు మీటర్ల దాకా పెరుగుతుంది. డెన్మార్క్‌లో ఓలే వోర్మ్ అనే పండితుడు 1638లోనే ఈ సంగతి తేల్చాడు. తేలిస్తే ఏమైంది? అదే దేశపు రాజులు 1671 కల్లా ఆ పళ్లతోనే సింహాసనం చేయించుకున్నారు. రోజెన్‌బోర్గ్ కోటలో ఇప్పటికీ ఉంది.

నవ్వకండి. మా నాన్నా కొన్నాడు. జాతరలో నక్క కొమ్ము. రెండు బస్తాల వడ్లు అమ్మిన డబ్బు పెట్టి. సింధూరంలో ఉంచితే దానికి వెంట్రుకలు పెరుగుతాయనీ, అవి పెరిగేకొద్దీ అప్పులు తరుగుతాయనీ చెప్పాట్ట అమ్మినవాడు. నేనప్పుడు డిగ్రీలో జువాలజీ చదువుతున్నాను, గొప్పగా "నక్కకి కొమ్మేంటి నాన్నా" అన్నాను. "నీకు పుస్తకముందిరా, నాకు అప్పుంది" అన్నాడు. ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పాను, ఆ మాటకి జవాబు మాత్రం ఇవాళ్టికీ దొరకలేదు.

అమ్మేవాడి మీద మాత్రం నా కోపం పోలేదు. మీ ఊరి జాతరలో కూడా ఉంటాడు వాడు, ఉన్నాడా లేదా? ఖడ్గమృగం కొమ్ము మన గోళ్లలో ఉండే కెరటినే, దానికోసం ఎన్నిటిని చంపేశారో. 2021లో అస్సాం ప్రభుత్వం బోకాఖాత్‌లో 2,479 కొమ్ములు తగలబెట్టింది, వీటిలో మందూ లేదు, మహిమా లేదు అని చెప్పడానికే.

టైమైపోయిందని చీటీ వచ్చింది, ఒక్క నిమిషం. నాన్న పోయాక ఆ కొమ్ముని నీళ్లలో నానబెట్టాను. మేకతోలు ముక్క, లోపల ఎముక, కింద దారం కుట్లు. ఎవరో చాలా ఓపిగ్గా కుట్టారు. భరిణెతో సహా సంచీలో తెచ్చాను. పిల్లలూ, ముందు మీరు రండి, ముట్టుకుని చూడండి.