మారియా లెహార్రాగా: భర్త సంతకం వెనుక రచయిత్రి

శ్రోతలకు నమస్కారం.

స్పెయిన్‌లోని రియోహా ప్రాంతంలో 1874 డిసెంబరులో పుట్టిన మారియా లెహార్రాగా ఉపాధ్యాయినిగా జీవితం ప్రారంభించారు. 1899లో ఆమె సొంత పేరుతో ఒక చిన్న కథల పుస్తకాన్ని అచ్చు వేయించగా ఇంట్లో ఎవరూ దానిని ఆదరించలేదు. ఇకపై ఏ పుస్తకం అట్టమీదా తన పేరు కనిపించదని ఆనాడే నిశ్చయించుకున్నట్లు ఆమె తరువాత జ్ఞాపకాలలో రాసుకున్నారు.

మరుసటి ఏడు గ్రెగోరియో మార్తీనెస్ సియెర్రాతో వివాహం జరిగింది. అప్పటి నుంచి ఆమె కలం నుంచి వచ్చిన నాటకాలు, వ్యాసాలు భర్త పేరుతోనే వెలువడ్డాయి. పంతులమ్మ నాటకాలు రాయడం ఆనాటి సమాజానికి గిట్టదన్న జంకు కొంతైతే, భర్త మీద ప్రేమ మరికొంత. సన్యాసినుల మఠం నేపథ్యంగా 1911లో ప్రదర్శించిన నాటకానికీ, 1915లో మాన్యుయెల్ దె ఫాయా సంగీతం కూర్చిన నృత్యనాటికకూ పేరు ఆయనకే దక్కింది. నన్ను అన్నిటికన్నా బాధించేది ఒకటుంది: స్త్రీల హక్కులు కోరుతూ ఆమె రాసిన వ్యాసాలు సైతం పురుషుడి సంతకంతోనే పాఠకులను చేరాయి. ఆయన కతలీనా బార్సెనా అనే నటితో వేరు కాపురం పెట్టిన తరువాత కూడా ఆమె రచనలు పంపుతూనే వచ్చారు. ఆ రచనలన్నిటిలో భార్యకు భాగస్వామ్యం ఉందని 1930లో ఆయన సాక్షుల ఎదుట సంతకం చేసిన పత్రం ఉంది.

1931లో గణతంత్రం ఏర్పడగానే ఆమె మాడ్రిడ్‌లోని అతెనేయో అనే సాహిత్య, సాంస్కృతిక సంఘం వేదికపై నిలబడి, కొత్త ప్రభుత్వం వల్ల స్త్రీలకు ఏమి ఒరుగుతుందో ఉపన్యసించారు. 1933 నవంబరులో, స్త్రీలు తొలిసారి ఓటు వేసిన సాధారణ ఎన్నికలలో, సోషలిస్టు పార్టీ అభ్యర్థిగా గ్రనాడా నుంచి పార్లమెంటుకు ఎన్నికయ్యారు. ఇంటిపేరు అప్పుడూ భర్తదే అయినా, భూమిలేని కూలీల సభలలో మాట్లాడినది మాత్రం మారియాయే. అంతవరకూ ఇతరుల నోట పలికించిన మాటను స్వయంగా పలకడానికి ఆమెకు దాదాపు అరవై ఏళ్లు వచ్చాయి. నా దృష్టిలో ఆమె నాటకాలన్నిటికన్నా ఆ ప్రచార యాత్రలే గొప్పవి.

అంతర్యుద్ధంలో గణతంత్రం ఓడిపోయింది. ఫ్రాన్స్‌లో ప్రవాసం, చూపు మందగించడం, పేదరికం వరుసగా వచ్చిపడ్డాయి. 1947లో గ్రెగోరియో మరణించాక రచనలపై తన హక్కు కోసం ఆమె వాదించవలసి వచ్చింది. ఎన్నికల ప్రచార అనుభవాలను 1952లో, భర్తతో కలిసి చేసిన రచనల కథను 1953లో పుస్తకాలుగా వెలువరించారు. 1974 జూన్‌లో బ్యూనస్ ఐరిస్‌లో కన్నుమూసేనాటికి ఆమెకు 99 ఏళ్లు. స్పెయిన్‌లో అంతర్యుద్ధంలో గెలిచిన నియంత ఫ్రాంకో పాలన అప్పటికి ఇంకా సాగుతూనే ఉంది.